పాలసీ చదివే బాధ్యత మీదే

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, కోరాపుట్, జైపూర్ తెలుగు ఇళ్లలో పెద్ద చదువులంటే ఇప్పుడు విశాఖ, భువనేశ్వర్‌లతో ఆగడం లేదు. విదేశీ యూనివర్సిటీల పేర్లూ వినబడుతున్నాయి. సంతోషం! ఐఈఎల్‌టీఎస్ కోసం నెలల తరబడి కష్టపడతారు. లోను కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతారు. ఇన్సూరెన్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "కన్సల్టెన్సీ వాళ్లు చూసుకుంటారు" అనేస్తారు. వద్దు. ఇకపై మీ మంచిచెడ్డలు మీరే చూసుకోవాలి. ఆ అలవాటు ఈ పాలసీ కాగితంతోనే మొదలుపెట్టండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిషు. మూడు భాషల్లో నెగ్గుకొచ్చిన మీరు ఒక పాలసీ చదివి అర్థం చేసుకోలేరా?

ముందు దేశం, తర్వాత పాలసీ

ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించిన చదువైతే విద్యార్థి ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి వీసా దరఖాస్తుతోనే కట్టాలి. అక్కడి ప్రభుత్వ వైద్యసేవ దానితో అందుతుంది. ఆస్ట్రేలియాకైతే వీసా ఉన్నంతకాలం ఓఎస్‌హెచ్‌సీ అనే ప్రత్యేక ఆరోగ్య బీమా తప్పనిసరి. జర్మనీలో 30 ఏళ్లలోపు విద్యార్థులు సాధారణంగా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరతారు. ప్రయాణ బీమా చూపించి అడ్మిషన్ పూర్తిచేద్దామంటే కుదరదు.

అమెరికాలో జే-1 వీసా వారికి కనీసం లక్ష డాలర్ల వైద్య రక్షణ ఉండాలని నిబంధన. ఎఫ్-1 విద్యార్థి వీసా వారికి దేశమంతటికీ వర్తించే అలాంటి నిబంధన లేదు, యూనివర్సిటీ చెప్పిందే లెక్క. చాలాచోట్ల యూనివర్సిటీ తన ప్లాన్‌ను ఫీజు బిల్లులోనే కలిపేస్తుంది. మన దగ్గర కొన్న పాలసీ చూపి దాన్ని తీసేయించుకోవాలంటే వాళ్ల షరతులకు సరిపోవాలి, గడువులోగా దరఖాస్తు చేయాలి. అందుకే కొనకముందే యూనివర్సిటీకి ఒక ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

ప్రీమియం కంటే మినహాయింపులు ముఖ్యం

తక్కువ ప్రీమియం చూసి మురిసిపోకండి. డిడక్టబుల్ ఎంత? అంటే, కంపెనీ చెల్లించే ముందు మన జేబులోంచి పెట్టాల్సింది ఎంత? ఆసుపత్రి గది అద్దెకు, ఒక్కో జబ్బుకు విడిగా పరిమితులున్నాయా? మానసిక వైద్యం, పంటి నొప్పి, ఆటల్లో తగిలే దెబ్బలు కవరవుతాయా? భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు ఉందా? చివరి ప్రశ్న అడగడానికి మనసొప్పదు. అయినా అడగండి. ఆపద సమయంలో తానా వారి టీమ్ స్క్వేర్ వంటి ప్రవాస తెలుగు బృందాలు అండగా నిలుస్తున్నాయి. కానీ కన్నవాళ్లు చందాల కోసం ఎదురుచూసే పరిస్థితి మీ ముందుచూపు లేక రాకూడదు.

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలను ఆపరేషన్ గంగతో ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. యుద్ధ నష్టాన్ని సాధారణంగా బీమా పాలసీలు మినహాయిస్తాయి. కాబట్టి వెళ్లగానే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవడం కూడా మీ రక్షణలో భాగమే.

జబ్బు దాచకండి

సికిల్ సెల్ రక్తవ్యాధి మన జిల్లాల్లో కొత్త మాట కాదు. దాని నిర్మూలనకు 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ ప్రారంభించింది. పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందని కొందరు ఇళ్లలో ఆ రిపోర్టును బయటపెట్టరు. బీమా ఫారంలో ఆ పని చేయకండి. సికిల్ సెల్, ఉబ్బసం, మూర్ఛ, ఏదైనా సరే ఉన్నదున్నట్టు రాయండి. ముందే ఉన్న జబ్బుకు ప్రాణాపాయ స్థితిలో మాత్రమే డబ్బిచ్చే పాలసీలున్నాయి, అసలే ఇవ్వనివీ ఉన్నాయి. నిజం చెబితే తగినది వెతుక్కోవచ్చు. దాచితే అసలైన అవసరంలో క్లెయిమే పోవచ్చు.

ఇంటినీ సిద్ధం చేయండి

విద్యార్థి వారం పైబడి ఆసుపత్రిలో ఉంటే ఇంటినుంచి ఒకరికి రానూపోనూ టికెట్ ఇచ్చే పాలసీలున్నాయి. మరి అమ్మకో నాన్నకో పాస్‌పోర్టు ఉందా? లేకపోతే ఆ సదుపాయం కాగితం మీదే మిగులుతుంది. ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఫీజు కట్టే నాన్నకు జరగరానిది జరిగితే మిగిలిన ఫీజు చెల్లించే స్పాన్సర్ రక్షణ ఉందేమో కూడా చూడండి.

పార్వతీపురంలో ఉండే మేనత్త కొడుకు ప్రవాసాంధ్ర భరోసా బీమాలో చేరాడని మీకూ వస్తుందనుకోకండి. అది ఆంధ్రప్రదేశ్ వారికోసం పెట్టినది. మీది ఒడిశా చిరునామా. ఆయుష్మాన్ కార్డు కూడా విదేశాల్లో పనిచేయదు.

తిరస్కరిస్తే వదిలేయకండి

ఆసుపత్రిలో చేరేముందు, వీలుకాకపోతే చేరిన వెంటనే, పాలసీ మీదున్న అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. ప్రతి బిల్లూ, ప్రతి రిపోర్టూ దాచాలి. ఇక్కడి కంపెనీ అన్యాయంగా కాదంటే మొదట వాళ్లకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో పరిష్కారం దొరకకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒడిశా వారికి ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు, రుసుము లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సహాయ నంబరు 155255.

చదవడం, అడగడం, నిజం చెప్పడం. ఈ మూడూ వచ్చినవాళ్లు ఏ దేశంలోనైనా నిలబడతారు. ఈ ఆదివారం పాలసీ కాగితాలు ముందేసుకుని, అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో షరతూ వాళ్లకు తెలుగులో వివరించండి. వివరించలేని షరతు ఒక్కటి మిగిలినా డబ్బు కట్టకండి. కంపెనీకి ఫోన్ చేసి అడగండి.