ఉత్తరాలలో గడువు మాటలు

తనిఖీకి వెళ్ళిన ప్రతి సంఘంలోను మేము లెక్కల పుస్తకాలతోపాటు ఉత్తరాల ఫైలు కూడ చూస్తాము. యంత్రాల కంపెనీలకు, బీమా ఆఫీసులకు కార్యదర్శులు తరచు ఇంగ్లీషులోనే వ్రాస్తున్నారు. స్పెల్లింగు తప్పితే పని ఆగదు. కాలాన్ని తెలిపే చిన్న మాట తప్పితే ఆగుతుంది.

ఒక సంఘంవారు పాల శీతలీకరణ యంత్రానికి అద్దె జనరేటరు కోరుతూ "వీ నీడ్ ఎ జనరేటర్ టిల్ ఫ్రైడే" అని వ్రాశారు. వారి ఉద్దేశం శుక్రవారంలోగా కావాలని. చదివినవారికి అర్థమయ్యేది శుక్రవారం వరకే కావాలని. ఆపైన కరెంటు పోతే, 4 డిగ్రీల చలువలో ఉండవలసిన పాలు ఏమవుతాయో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. "లోగా" అనేచోట బై, "వరకు", "దాకా" అనేచోట టిల్ వ్రాయాలి. తెలుగులో ఈ రెండింటినీ ఎవరూ కలపరు. ఇంగ్లీషులోకి వచ్చేసరికే ఈ చిక్కు!

"నుంచి" సంగతి వేరు. ఇక్కడ తప్పు చేయించేది మన తెలుగే. "జూన్ నుంచి డబ్బు రాలేదు" అంటాము, "మూడు నెలల నుంచి రాలేదు" అనీ అంటాము. ఇంగ్లీషులో ఒకే మాట రెండింటికీ చెల్లదు. మొదలైన రోజో నెలో చెబితే సిన్స్, గడిచిన కాలం కొలిచి చెబితే ఫర్. కనుక "సిన్స్ జూన్", "ఫర్ త్రీ మంత్స్". "సిన్స్ త్రీ మంత్స్" అని లేని ఫైలు మాకు అరుదుగా కనబడుతుంది. క్రియ కూడ "డిడ్ నాట్ రిసీవ్" కాదు, "హావ్ నాట్ రిసీవ్డ్".

గడియారం చూపే వేళకు యాట్, వారానికీ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్ అన్నది చాలామందికి తెలిసినదే. ఉదయానికి "ఇన్ ది మార్నింగ్" అన్నా, సోమవారం ఉదయమంటే "ఆన్ మండే మార్నింగ్" అవుతుంది. రాత్రికి "యాట్ నైట్". "నెక్స్ట్ మండే" అన్నప్పుడు ముందు ఆన్ అవసరం లేదు.

"పదిహేను రోజుల్లో" అనడానికి "ఇన్ ఫిఫ్టీన్ డేస్" అని వ్రాస్తే, పదిహేను రోజులు గడిచాక అని కూడ తీసుకోవచ్చు. గడువు దాటరాదని చెప్పడానికి "వితిన్" వ్రాయాలి. అయినా ఆ పదిహేను రోజులు ఉత్తరం వ్రాసిన నాటినుంచా, అందిన నాటినుంచా అని పేచీ రావచ్చు. గడువు ముఖ్యమైనచోట రోజుల లెక్క మాని, "ఆన్ ఆర్ బిఫోర్" అని తేదీయే వేయమని మేము కార్యదర్శులకు చెబుతున్నాము. బై అన్నప్పుడు ఆ తేదీ కలుస్తుందా లేదా అన్న ప్రశ్న కూడ దీనితో ఉండదు.