చమురు తినే సూక్ష్మజీవి – మనిషి చేసింది ఎంత?

సూక్ష్మజీవులు అనగానే మనకు జ్వరాలు, విరేచనాలే గుర్తుకొస్తాయి. కాని పాలు తోడుకోవటానికి, దోసెల పిండి పులియటానికి, రాలిన ఆకు మట్టిలో కలిసిపోవటానికి కారణం కూడా అవే. ఈ అల్పప్రాణులకు అల్లాహ్ అప్పగించిన పని అంతా ఇంతా కాదు. సముద్రం అడుగు నుంచి ఊరే ముడి చమురును సైతం కొన్ని బ్యాక్టీరియాలు ఆహారంగా చేసుకుంటాయి.

అయితే ముడి చమురు ఒకే పదార్థం కాదు, వేలాది పదార్థాల మిశ్రమం. ఒక భాగాన్ని తినే బ్యాక్టీరియా మరొక భాగాన్ని ముట్టదు. పలు రకాలను కలిపి వదిలితే అవి తమలో తాము పోటీపడతాయి. బెంగాల్‌లో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఆనంద మోహన్ చక్రవర్తి 1970ల ఆరంభంలో దీనికొక ఉపాయం ఆలోచించారు. చమురును విడగొట్టే సామర్థ్యం ఈ బ్యాక్టీరియాలలో ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. వలయంలో ఉంటుంది. ఆయన నాలుగు రకాల ప్లాస్మిడ్‌లను సూడోమోనాస్ అనే ఒకే బ్యాక్టీరియాలోకి చేర్చారు. వాటిలో రెండు ఒకే కణంలో ఇమడకపోతే, అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి వాటిని కలిపారు.

1972లో పేటెంటుకు దరఖాస్తు వెళ్లింది. పద్ధతికి ఇస్తాంగాని ప్రాణమున్న జీవికి ఇవ్వమంది పేటెంటు కార్యాలయం. వివాదం అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. 1980 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు చక్రవర్తి పక్షాన, నలుగురు అందుకు వ్యతిరేకంగా నిలిచారు.

మరి మనిషి ప్రాణిని సృష్టించాడా? ఈ ప్రశ్న మన ఇళ్లలో పిల్లలు తప్పక అడుగుతారు. నిదానంగా ఆలోచించండి. ఆ కణం ముందే ఉంది. ప్లాస్మిడ్‌లు ముందే ఉన్నాయి. చమురును విడగొట్టే విద్య వాటికి ఏ ప్రయోగశాలా నేర్పలేదు. మనిషి మార్చింది అమరికను మాత్రమే. కోర్టు తేల్చింది కూడా హక్కు ఎవరిదన్నదే, సృష్టి ఎవరిదన్నది కాదు. ఈ తేడా గ్రహించక కొందరు అనవసరంగా భయపడతారు, మరికొందరు అనవసరంగా విర్రవీగుతారు.

నా దృష్టిలో అసలు చిక్కు వేరే ఉంది. మందు చల్లితే కొన్నాళ్లకు దాని బలం తగ్గుతుంది. ప్రాణి అలా కాదు, పిల్లల్ని కంటుంది. వదిలిన దాన్ని వెనక్కి పిలవగలమా? భూమి మన చేతిలో అమానతు అని నమ్మేవారు ఈ మాట ముందే అడగాలి. ఈ సందేహం వల్లా, అనుమతుల చిక్కుల వల్లా చక్రవర్తి బ్యాక్టీరియాను చమురు తెట్టెలపై వాడనే లేదు. పైగా ప్రయోగశాలలో చురుకుగా పనిచేసేవి బయట స్థానిక జీవుల పోటీకి తట్టుకోలేకపోవటం మామూలే.

1989 మార్చిలో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికింది. అప్పుడు శాస్త్రవేత్తలు తీరంపై చల్లింది ఎరువులు! చమురులో కార్బన్ దండిగా ఉన్నా నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. అన్నం కుండ నిండా ఉండి కూర లేనట్లన్నమాట. ఆ లోటు తీరగానే అక్కడి బ్యాక్టీరియాలే పని అందుకున్నాయి. అయినా రాళ్ల కింద ఇంకిన చమురు దశాబ్దాల తర్వాత కూడా కనిపించింది.

జన్యువులు మార్చిన బ్యాక్టీరియాను ఇలాంటి పనికి అమెరికాలో తొలిసారి మట్టిలో వదిలింది 1996లో, టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్‌లో. అదీ చుట్టూ కట్టుదిట్టం చేసిన పెద్ద తొట్లలోనే. నాఫ్తలీన్, అంటే మనం బీరువాలో పెట్టే కలరా ఉండల్లోని పదార్థం, తగిలితే ఆ బ్యాక్టీరియా వెలుగుతుంది. కాలుష్యం ఎక్కడుందో అదే చూపుతుంది.

ప్లాస్టిక్ విషయంలో దారి మరింత జాగ్రత్తగా సాగింది. సీసాల ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించారు. 2020లో ఫ్రాన్స్ పరిశోధకులు వేరొక ఎంజైమును మెరుగుపరచి, ఆ ప్లాస్టిక్‌లో 90 శాతాన్ని 10 గంటల్లో విడగొట్టారు. ఇదంతా మూసిన పాత్రలో, సుమారు 72 డిగ్రీల వేడిలో జరిగింది. బయటికి వదిలిన ప్రాణి ఏదీ లేదు.

మన దేశంలో 1989 నాటి నిబంధనల ప్రకారం జన్యువులు మార్చిన సూక్ష్మజీవులను బహిరంగంగా వదలాలంటే కేంద్ర పర్యావరణ శాఖ కిందనున్న కమిటీ అనుమతి తప్పనిసరి. కోస్తా రొయ్యల చెరువుల్లో చల్లే బ్యాక్టీరియా పొడుల సంగతి వేరు. వాటిలో సాధారణంగా ఉండేవి బాసిల్లస్ వంటి సహజ రకాలే.