మాట్లాడుకున్న విమానం

పేపర్లలో 'చార్టర్ విమానం' అనే మాట చూస్తుంటాం. తెలుగులో ఏమనాలంటే 'అద్దె విమానం' అనేస్తాం. మా దిక్కు, అంటే సిరోంచ తాలూకా బామ్నిలో, ఇంతకన్నా సరిపోయే మాట ఉంది. మేడారం పోయేటోళ్లు "బండి మాట్లాడుకున్నం" అంటరు. ఏ రోజు, ఏ దారిన, ఎంతమంది, ఎంత కిరాయి అన్నీ ముందే మాట్లాడుకోవాలి కనుక ఆ మాట వచ్చింది. చార్టర్ విమానం అంటే కూడా అదే. యాత్రల కంపెనీ ఒకటి విమానం మొత్తాన్ని మాట్లాడుకుని, హోటల్ గదితో కలిపి ఒక్కొక్క సీటు అమ్ముకుంటుంది.

ఇక్కడ లెక్క గమనించండి. బస్సు కిరాయి 20,000 రూపాయలు, సీట్లు 50 అనుకుందాం. అందరూ వస్తే తలా 400. సగం మందే వస్తే తలా 800. బండి నిండితే చవక, నిండకపోతే మునిగిపోతాం. ఖాళీ సీటు బరువు బండివాడిది కాదు, మాట్లాడుకున్నవాళ్లది. చార్టర్ కంపెనీల కథంతా ఈ ఖాళీ సీటు చుట్టూనే తిరుగుతుంది.

వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన లండన్‌లో హొరైజన్ అనే సంస్థ పెట్టి, 1950లో 32 సీట్ల డకోటా విమానంలో జనాన్ని కోర్సికా దీవికి సెలవులకు తీసుకుపోయాడు. ప్రభుత్వ విమాన సంస్థకు దెబ్బ తగలకూడదని, విద్యార్థులను, టీచర్లను మాత్రమే ఎక్కించుకోవాలని షరతు పెట్టారట! (మనమైతే ఎక్కేవాళ్లమే.) తర్వాతి ముప్పై నలభై ఏళ్లు యూరప్ మధ్యతరగతిని సముద్రతీరాలకు చేర్చినవి ఎక్కువగా ఇలాంటి విమానాలే.

1990లలో యూరప్ ఆకాశంలో ఆంక్షలు తొలగాయి. రయనైర్, ఈజీజెట్ చవక టికెట్లు అమ్మడం మొదలుపెట్టాయి. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. గది వేరుగా, టికెట్ వేరుగా ఎవరికి వాళ్లు కొనుక్కోగలిగితే వారం రోజుల ప్యాకేజీ ఎందుకు? మోనార్క్ 2017లో మూతపడింది. 178 ఏళ్ల థామస్ కుక్ 2019 సెప్టెంబర్ 23న కూలింది. విదేశాల్లో చిక్కుకున్న లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికులను తేవడానికి వాళ్ల ప్రభుత్వం ఏం చేసిందనుకున్నారు? విమానాలు మాట్లాడుకుంది. నిలిచిన టీయూఐ, జెట్2 ఒకే విమానంలో ప్యాకేజీవాళ్లనూ, ఉత్త టికెట్‌వాళ్లనూ కూర్చోబెడుతున్నాయి.

మేడారం హెలికాప్టర్లలో ఇదే మార్పు కనిపిస్తుంది. 2020 జాతరకు బేగంపేట నుంచి ఆరుగురికి కలిపి 1.80 లక్షలు. అంటే మొత్తం మాట్లాడుకోవాల్సిందే. 2022కు హన్మకొండ నుంచి మనిషికి 19,999, 2024లో 28,999. సీటు విడిగా దొరుకుతోంది గానీ చవక కాలేదు. నాలుగు రోజుల జాతర కోసం తెచ్చిన హెలికాప్టర్ ఖర్చు ఆ కొద్ది రోజుల్లోనే రావాలి మరి.

కాబట్టి చార్టర్ పూర్తిగా పోతుందని నేననుకోను. రోజూ విమానం తిరిగే ఊళ్ల మధ్య దానికిక పని తక్కువ. తేదీ కదలని ప్రయాణాలకు, రోజువారీ సర్వీసు అందని చోట్లకు అది కావాలి. హజ్ యాత్రకు హైదరాబాద్ నుంచి ప్రత్యేక విమానాలు నడుస్తున్నది అందుకే.

మా ఊరు అలాంటి అంచు మీదే ఉంది. 2023 మార్చి నుంచి మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్. అది రాష్ట్ర సరిహద్దు వరకే. అదే ఏడాది డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచితం. అది తెలంగాణ వాళ్లకే. సిరోంచ దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతల కాళేశ్వరం. అక్కడి అత్తమ్మకు జీరో టికెట్, బామ్ని నుంచి వచ్చిన కోడలికి పూర్తి టికెట్. ఇద్దరూ పోయేది ఒకే గద్దెలకు! అందుకే మా వాడల్లో జాతర నెల రాగానే పైసలు జమచేసి బండి మాట్లాడుకునుడు ఆగలేదు. ఎవరన్నా చివరి నిమిషంలో రానంటే, ఆ సీటు పైసలు మిగతా ఆడోళ్లే పంచుకుంటరు.