డైరీలో జరిగిందే రాయండి

ప్రశ్న: రౌస్ హిల్‌లో ఉంటాను. సిడ్నీ–మెల్‌బోర్న్ మధ్య సెమీ ట్రైలర్ నడుపుతాను. గోదాముల దగ్గర గంటల తరబడి లైన్లో ఉంచుతారు, దానికి జీతం లేదు. పైగా ఆ సమయాన్ని పని గంటలు రాసే డైరీలో విశ్రాంతిగా రాయమంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు, అలా రాయకండి. లోడు ఎక్కించడం, దించడం, లైన్లో బండి జరుపుతూ ఉండడం కూడా పనే. ఒంటరి డ్రైవరుకు మామూలు నిబంధనల ప్రకారం 24 గంటల్లో పని 12 గంటలు మించకూడదు. వరసగా 7 గంటల విశ్రాంతి ఉండాలి. మెల్‌బోర్న్ చేరడానికే పది గంటలు పడుతుంది. మూడు గంటలు లైన్లో పోతే లెక్క అక్కడే తప్పుతుంది. తప్పు రాస్తే రోడ్డు మీద ముందు దొరికేది మీరే, రాయమన్నవాళ్లూ నేరస్థులే అయినా.

చాలాచోట్ల జీతం కిలోమీటర్ల లెక్కన ఇస్తారు. అందుకే మీ ఎదురుచూపు యజమానికి ఖర్చుగా కనబడదు. కానీ మీరు ఉద్యోగి అయితే, లోడింగు, అన్‌లోడింగు పనికి గంటల లెక్కన విడిగా ఇవ్వాలి.

గేటు దగ్గరికి చేరిన సమయం, బయల్దేరిన సమయం రాసుకోండి. డైరీ పేజీలు, పే స్లిప్పులు ఫొటో తీసుకోండి. ఆదేశాలు ఫోన్లో చెబితే మెసేజ్ పెట్టమనండి. నోటితో ధైర్యంగా చెప్పేవాళ్లు రాతలో తగ్గుతారు!

జీతం ఎగ్గొడితే, ఉద్యోగి బదులు కాంట్రాక్టరుగా చూపడానికి ఏబీఎన్ (వ్యాపార నంబరు) తీసుకోమని ఒత్తిడి చేస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు (13 13 94) ఫోన్ చేయండి. ఫోన్లో దుభాషీ కావాలంటే 131 450. వీసా పేరుతో బెదిరిస్తే ఆలస్యం చేయకుండా న్యాయవాదిని కలవండి. నిద్ర ముంచుకొస్తున్నా నడపమంటే మాత్రం ముందు బండి సురక్షితమైన చోట ఆపండి, ఫిర్యాదు తర్వాత.