లేస్ విగ్గుకు వేడి పెడుతున్నారా? – సందేహాలు, సమాధానాలు

మన తలమీద జుట్టు మాడితే మెల్లగా కొత్తది ఎదుగుతుంది. విగ్గులో మాడిన పాయ మళ్లీ రాదు. పైగా ఆ వెంట్రుకలకు తల నుంచి నూనె అందదు కాబట్టి త్వరగా పొడిబారతాయి. లేస్ విగ్గులో లేస్ ఉన్న చోట ఒక్కో వెంట్రుకను సన్నని వలకు చేత్తో ముడివేస్తారు. ధర పెరగడానికి ఆ చేతిపనీ ఒక కారణం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ స్ట్రెయిట్‌నర్ గురించే ఉన్నాయి కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాను.

అసలు వెంట్రుకలతో చేసిందని చెబితే ఆన్‌లైన్‌లో ఫ్రంట్ లేస్ విగ్గు (ముందు అంచున మాత్రమే లేస్ ఉన్నది) కొన్నాను. స్ట్రెయిట్‌నర్ పెట్టగానే ఒక పాయ కరిగి అతుక్కుపోయింది. నన్ను మోసం చేశారా? అసలు ఎంత వేడి పెట్టొచ్చు?
– బ్యాంకు ఉద్యోగిని, హైదరాబాద్

మనిషి వెంట్రుక మాడుతుంది తప్ప కరగదు. కరిగి అతుక్కుందంటే ఆ పాయలో సింథటిక్ పోగులు ఉన్నట్టే. అసలు వెంట్రుకల్లో వాటిని కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకని విగ్గులో మూడు చోట్ల నుంచి రెండేసి వెంట్రుకలు తీసి పరీక్షించండి. ఆరుబయట ఒక స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. మనిషి వెంట్రుకైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. సింథటిక్‌దైతే ప్లాస్టిక్ వాసన వచ్చి, చివర గట్టి పూసలా మిగులుతుంది. అది చల్లారేదాకా ముట్టుకోకండి.

ఇక వేడి సంగతి. అసలు వెంట్రుకల విగ్గుకు 150 డిగ్రీల సెల్సియస్‌తో మొదలుపెట్టండి. ఒత్తయిన జుట్టు మాట వినకపోతే 180 దాకా వెళ్లొచ్చు, ఆపైన వద్దు. రంగు వేసిందీ, బ్లీచ్ చేసిందీ అయితే 120–150 మధ్యే ఉంచండి. సింథటిక్‌లో ‘హీట్ ఫ్రెండ్లీ’ రకాన్ని దాని లేబుల్ మీద రాసిన డిగ్రీలు దాటనివ్వకండి. లేబుల్ లేని సింథటిక్ విగ్గుకు వేడి అసలే వద్దు. ఏ విగ్గుకైనా మొదట మెడ వెనకాల, బయటికి కనపడని సన్నని పాయ మీద ప్రయత్నించండి. పాయకు ఒక్కసారి లాగితే చాలు, అక్కడే ఆపి నొక్కి ఉంచకూడదు. డిగ్రీలు చూపించని స్ట్రెయిట్‌నర్‌ను విగ్గు దగ్గరికి తేవద్దు.

తిరుమల తలనీలాలతో విగ్గులు చేస్తారంటారు. మా వీధిలో చిక్కు వెంట్రుకలు తీసుకుని గిన్నెలిచ్చే అతనూ విగ్గులకేనంటాడు. రెండిటికీ తేడా ఏమిటి?
– పాఠకుడు, తిరుపతి

ఇద్దరు చెప్పిందీ నిజమే. కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొర ఉంటుంది. ఆ పొలుసులు కుదురు నుంచి చివరకు వాలి ఉంటాయి. ఒకే తల నుంచి ఒకేసారి తీసిన జుట్టును కుదుళ్లన్నీ ఒక వైపు ఉండేలా కట్ట కడితే పొలుసులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, చిక్కు పడదు. దీన్నే వ్యాపారంలో ‘రెమీ’ అంటారు.

దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకల్లో కుదుళ్లు, చివర్లు కలగాపులగం అయిపోతాయి. ఒకదాని పొలుసులు ఇంకొకదానికి తగులుకుంటాయి. అందుకే చాలాచోట్ల యాసిడ్‌తో ఆ పొర తీసేసి, సిలికాన్ పూత పూస్తారు. కొత్తలో అది రెమీకన్నా ఎక్కువ మెరుస్తుంది. కొన్నిసార్లు కడిగేసరికి పూతపోయి గరుకు తేలుతుంది, వేడికి త్వరగా చిట్లుతుంది. కొనేముందు ఒక పాయను చివరి నుంచి కుదురువైపు వేళ్లతో దూసి చూడండి. పొర ఉన్న జుట్టు ఎదురు దిశలో కాస్త గరుకుగా తగులుతుంది. రెండువైపులా జారిపోతుంటే పూత ఉందేమోనని అనుమానించండి.

ఇంట్లోనే విగ్గు కడుక్కుంటాను. ఆఫీసుకు తొందరలో తడి ఉండగానే స్ట్రెయిట్‌నర్ పెడుతున్నాను. ‘చుయ్’ మని పొగ వస్తోంది. పర్వాలేదా?
– సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డాలస్

వెంటనే మానేయండి. ఆ చప్పుడు వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరైపోతున్నప్పటిది. బయటికి దారి దొరకక ఆ ఆవిరి లోపలే బుడగలు కట్టి వెంట్రుకను చీలుస్తుంది. కొన్నాళ్లకే చివర్లు తుంపులు తుంపులుగా రాలతాయి.

రోజూ పెట్టుకునేవాళ్లు రెండు మూడు వారాలకోసారి కడిగితే చాలు. ముందు పొడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. గోరువెచ్చని నీళ్లలో సల్ఫేట్ లేని షాంపూ కలిపి, పైనుంచి కిందికి మాత్రమే నిమురుతూ కడగండి. తల రుద్దుకున్నట్టు రుద్దకూడదు. కండిషనర్‌ను పాయల సగం నుంచి చివరిదాకానే రాయండి. లేస్ ముడులకు తగిలితే అవి జారి వెంట్రుకలు ఊడొస్తాయి. పిండకుండా తువ్వాలులో అద్ది, స్టాండు మీద నీడలో ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే కొట్టి, అది కూడా ఆరాకే స్ట్రెయిట్‌నర్ పట్టండి. మీ తొందరకు మందు ఒక్కటే: శుక్రవారం రాత్రి కడిగేయండి.

ముందు భాగంలో లేస్ ప్యాచ్ జిగురుతో అతికించుకుంటాను. మా ఊరి ఉక్కకు చెమటపట్టి అంచులు లేస్తున్నాయి. డ్రయ్యర్‌తో, స్ట్రెయిట్‌నర్‌తో నొక్కితే అణుగుతాయా? దురద కూడా ఉంది.
– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

నొక్కకు నాయనా! లేస్ కూడా సింథటిక్ వలే. వేడి ఇనుము తగిలితే ముడుచుకుపోతుంది, రంధ్రం పడుతుంది. కింద ఉన్నది నీ చర్మం, కాలితే వెంటనే తీయడానికి కూడా ఉండదు. వేడికి జిగురు ఇంకా మెత్తబడి మరింత ఊడుతుంది. వేడి వస్తువేదైనా లేస్‌కు కనీసం వేలెడు దూరంలో ఆగాలి. డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టు.

ఇంకో ప్రమాదం ఉంది. జిగురు తీయడానికో, నుదురు తుడవడానికో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. అది పూర్తిగా ఆరకముందు డ్రయ్యర్, స్ట్రెయిట్‌నర్, సిగరెట్ ఏదీ దగ్గర ఉండకూడదు. ప్యాచ్‌ను లాగి పీకకు, రిమూవర్ వేసి నెమ్మదిగా లేవనివ్వు. దురద తగ్గేదాకా జిగురు ఆపు. పొక్కులు, రసి కనిపిస్తే చర్మవైద్యుడికి చూపించు. కొత్త జిగురు కొన్నప్పుడు మోచేతి లోపలివైపు చుక్క రాసి రెండు రోజులు చూశాకే తలకు వాడు.

మా అక్కకు కీమోథెరపీ మొదలవుతోంది. విగ్గు ఎప్పుడు కొనాలి? వంట చేసేటప్పుడు పెట్టుకోవచ్చా?
– గృహిణి, గుంటూరు

జుట్టు ఊడే మందులైతే మామూలుగా మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు రాలడం మొదలవుతుంది. అక్కయ్యకు జుట్టు ఉండగానే వెళ్లి రంగు, పాపిడి సరిచూసుకోండి. కీమో సమయంలో నెత్తి చాలా సున్నితంగా ఉంటుంది, జిగురు వద్దు. లోపల మెత్తని నూలు టోపీ, బిగింపు సర్దుకునే బ్యాండు ఉన్న విగ్గు తీసుకోండి. కర్లరైనా, స్ట్రెయిట్‌నరైనా విగ్గును స్టాండుకు పెట్టి పిన్నులతో నిలిపాకే వాడాలి. తలమీద ఉండగా ఎప్పుడూ వద్దు.

వంటగదిలో విగ్గు తీసేయమనండి. కుక్కర్ ఆవిరికీ, ఒవెన్ తలుపు తీయగానే కొట్టే సెగకూ సింథటిక్ విగ్గు ముందు వెంట్రుకలు క్షణంలో ఉండలు కడతాయి. సాంబ్రాణి పొగ కూడా పట్టకూడదు. ఇంట్లో ఉన్నప్పుడు పల్చని నూలు గుడ్డ చుట్టుకుంటే హాయిగా ఉంటుంది. చుట్టాలు వచ్చారని ఆవిడ బలవంతాన విగ్గు పెట్టుకోవాల్సిన పరిస్థితి మాత్రం రానివ్వకండి.

అలోపేసియా (జుట్టు ఊడిపోయే సమస్య) వల్ల ఫ్రంట్ లేస్ విగ్గు వాడుతున్నాను. వచ్చే నెల పెళ్లి. పూలజడ వేయించుకోవచ్చా?
– పెళ్లికూతురు, రాజమహేంద్రవరం

నిక్షేపంగా వేయించుకోండమ్మా. అయితే బరువంతా లేస్ మీద పడకూడదు. విగ్గు వెనక భాగంలో కుట్టిన వరసలు ఉంటాయి. సవరం, పూలజడ, జడగంటలు వాటికే పట్టించమనండి. లేస్‌లోకి పిన్ను గుచ్చితే ఆ చిరుగు పెరుగుతూ పోతుంది. ముందు ముంగురులకు కర్ల్స్ కావాలంటే, అసలు వెంట్రుకల విగ్గైతే ముందురోజే స్టాండు మీద 150 డిగ్రీల్లో చుట్టి, చల్లారేదాకా క్లిప్పు తీయకండి. చల్లారాకే వంపు నిలుస్తుంది. హోమం దగ్గర విడి ముంగురులు వేలాడనివ్వకండి. పెళ్లికి వారం ముందు జడ మొత్తం వేయించుకుని రెండు గంటలు కూర్చుని చూడండి.

విగ్గుకు కొబ్బరినూనె రాసి, కుంకుడుకాయతో కడగొచ్చా?
– పాఠకురాలు, కరీంనగర్

వద్దండి. నూనె ముడులను వదులు చేస్తుంది, దాని మీద స్ట్రెయిట్‌నర్ పెడితే వెంట్రుక వేగిపోతుంది. కుంకుడు పిప్పి లేస్ కన్నాల్లో ఇరుక్కుంటే దులపడం కష్టం. చివర్లకు రెండు చుక్కల సీరమ్ చాలు.

ఉత్తరాలు రాసిన అందరికీ చివరగా ఒక మాట. వెంట్రుక ఏ రకమో తెలియకపోయినా, తడి ఆరిందో లేదో అనుమానంగా ఉన్నా ఆ రోజుకు వేడి పెట్టకండి. దువ్వి, క్లిప్పు పెట్టుకుని వెళ్లండి.