శ్రీశైలానికి అద్దె కారు: కస్టమర్ కేర్‌తో ఎలా మాట్లాడాలి?

మన శ్రీశైలం వీడియో చూసేవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుని ఇంట్లో పెద్దవాళ్లని దర్శనానికి తీసుకెళ్దామనుకునేవాళ్లే. మంచి ఆలోచనే. కానీ ఈ దారికి ఒక షరతు ఉంది. మన్ననూరు దగ్గర నుంచి రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వెళ్తుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆపేస్తారు. అంటే మీ కారు నాలుగు గంటలు లేటైతే ప్రయాణం నాలుగు గంటలు కాదు, ఒక రాత్రంతా వెనక్కి వెళ్తుంది. "ఇంకో ఇరవై నిమిషాలు సార్" అనే కాల్ సెంటర్‌కి ఈ గేటు సంగతి తెలియదు.

నాకు జరిగింది చెప్తాను. శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకు కారు బుక్ చేశాను. శనివారం పొద్దున్నే నానమ్మకి స్పర్శ దర్శనం టికెట్. ఆవిడకి 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. స్వామిని చేత్తో తాకి నమస్కారం చేసుకోవాలని రెండేళ్లుగా అడుగుతోంది. తీరా యాప్ చూపించిన పార్కింగ్‌కి వెళ్తే అక్కడ కారు లేదు.

నాలుగు గంటల్లో నలుగురితో మాట్లాడాను. ప్రతి ఒక్కరూ మొదటి నుంచి మొదలు: బుకింగ్ నంబర్ చెప్పండి, రిజిస్టర్డ్ మొబైల్ నంబర్ చెప్పండి, మీ సమస్య ఏంటి సార్? మధ్యలో అదే పాట. ముందు తీసుకున్నవాళ్లు కారు ఇంకా తిరిగి ఇవ్వలేదన్న అసలు విషయం మూడో వ్యక్తి దగ్గర గానీ బయటపడలేదు. నాలుగో ఆయన చాలా మర్యాదగా, "మీరే యాప్‌లో క్యాన్సిల్ చేసేయండి సార్, డబ్బులు మొత్తం వచ్చేస్తాయి" అన్నారు.

దయచేసి ఆ బటన్ నొక్కకండి. ఇలాంటి సిస్టమ్స్ రాయడమే నా ఉద్యోగం కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పగలను. ప్రతి బుకింగ్‌కీ ఎవరు క్యాన్సిల్ చేశారు, ఎందుకు చేశారు అని రెండు గడులుంటాయి. రిఫండ్ ఎంతో లెక్కగట్టేది ఆ గడుల్ని చదివే ప్రోగ్రామ్. ఫోన్‌లో మీకిచ్చిన మాట అందులోకి వెళ్లదు. మీరు నొక్కితే మీరే వద్దనుకున్నట్టు రికార్డవుతుంది, ఛార్జీ కట్ అవుతుంది. అందుకే "మీ వైపు నుంచే క్యాన్సిల్ చేయండి, కారణం మెసేజ్‌లో పంపండి" అన్నాను. సాయంత్రం 6:15కి చేశారు. కారణం ఏం రాశారో తెలుసా? కస్టమర్ రాలేదు, నో షో అని! 3,200 అద్దె మొత్తం పోయినట్టే.

అప్పుడు నాన్న ఫోన్ లాక్కుని గట్టిగా అరిచారు. ఆయన కోపం న్యాయమైనదే. కానీ అవతల ఉన్న అమ్మాయి దగ్గర ఆ గడి మార్చే అధికారం లేదు. ఆ అధికారం ఉన్నవాళ్లకి ఈ అరుపు వినపడదు.

కిష్కింధకాండలో హనుమంతుడు రాముడిని మొదటిసారి కలిసి మాట్లాడిన ఘట్టం గుర్తుందా? రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి ఆ మాటతీరునే మెచ్చుకుంటాడు. అనవసరమైన మాట లేదు, అర్థంకాని మాట లేదు, గొంతు హెచ్చలేదు, ముఖంలో వికారం లేదు. మనం దీన్ని మంచితనం అనుకుని వదిలేస్తాం. కానీ హనుమంతుడు అక్కడికి వచ్చింది సుగ్రీవుడి దూతగా, ఒక పని మీద. ఆ మాటతీరు ఆ పని కోసం.

నేను రాసిన ఈమెయిల్ ఏడు వాక్యాలు. బుకింగ్ టైమ్, నేను పార్కింగ్‌కి చేరిన టైమ్, అక్కడ టైమ్, లొకేషన్ పడేలా తీసిన మూడు ఫోటోలు, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, "నో షో" అన్న మెసేజ్, నాకు రావాల్సిన మొత్తం. "దారుణం", "మోసం" లాంటి మాటలు ఒక్కటీ లేవు. పంపింది కస్టమర్ కేర్‌కి కాదు, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి ఆన్‌లైన్ కంపెనీలు ఆ ఆఫీసర్ పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది, చాలామందికి తెలియదు: తాము క్యాన్సిల్ చేసినప్పుడు అలాంటి ఛార్జీ భరించని కంపెనీ, కస్టమర్ క్యాన్సిల్ చేస్తే ఛార్జీ వేయకూడదు.

అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నాకు అంతదాకా వెళ్లాల్సిన పని పడలేదు. 1915లో ఫిర్యాదు నమోదయ్యాక, మొత్తం 19 రోజులకి అద్దె, డిపాజిట్ వెనక్కి వచ్చాయి.

దర్శనం సంగతా? పక్కింటివాళ్లకి తెలిసిన డ్రైవర్‌ని బతిమాలి తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరాం. చెక్‌పోస్టు తెరిచేదాకా ఆగి, కొండ చేరేసరికి మా టికెట్ టైమ్ దాటిపోయింది. నానమ్మ దూరం నుంచే స్వామిని చూసింది. తిరుగు దారిలో దోమలపెంట దాటాక ఒక్క మాట అడిగింది, "మళ్లీ ఎప్పుడు తీసుకొస్తావురా?" అని.

మీరు వెళ్లేటప్పుడు కారు ముందురోజు సాయంత్రమే చేతికి తీసుకోండి. ఒక రోజు అద్దె ఎక్కువవుతుంది, అవనివ్వండి. తాళం తీసుకునే ముందు కారు చుట్టూ వీడియో తీయండి. గీతలు, టైర్లు, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల రీడింగ్ అన్నీ కనపడాలి. నంబర్ ప్లేట్ కూడా చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేట్ ఉన్న సొంత కారుని ఎవరైనా తక్కువకి ఇస్తామంటే వద్దనండి, ఘాట్‌లో ఏదైనా జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు.