రిఫ్రెష్ నొక్కినా పివట్ మారదేం?

ప్రశ్న: మా ఎరువుల దుకాణం అమ్మకాలు ఎక్సెల్‌లో రాస్తుంటాను. నెలవారీ లెక్కకు పివట్ టేబుల్ పెట్టుకున్నాను. 500వ వరుస దాటాక రాసినవేవీ అందులోకి రావడం లేదు. రిఫ్రెష్ ఎన్నిసార్లు నొక్కినా అంతే. ప్రతి నెలా కొత్తది చేసుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. మీరు పివట్ చేసిన రోజున ఎ1 నుంచి ఎఫ్500 దాకా హద్దు గీసి ఇచ్చారు. రిఫ్రెష్ ఆ హద్దు లోపలే మళ్లీ చదువుతుంది, 501వ వరుస వైపు తొంగి కూడా చూడదు.

కొందరు నిలువు వరుసలు మొత్తం ఎంచుకుంటారు. పని జరుగుతుంది గానీ, లెక్కలో 'బ్లాంక్' అనే అక్కరలేని చుట్టం వచ్చి కూర్చుంటుంది. నాకది నచ్చదు.

అమ్మకాల వివరాల్లో ఏదో ఒక గడిలో ఉండి కంట్రోల్, టి కలిపి నొక్కండి. హెడర్స్ ఉన్నాయన్న చోట టిక్ ఉండాలి. ఇప్పుడది ఎక్సెల్ టేబుల్ అయింది. అడుగున కొత్త వరుస రాస్తే తనంతట తానే పెరుగుతుంది. తర్వాత పివట్‌లో క్లిక్ చేసి, పివట్‌టేబుల్ అనలైజ్‌లో ఛేంజ్ డేటా సోర్స్ తెరిచి, పాత హద్దు బదులు ఆ టేబుల్ పేరు టైపు చేయండి. ఇదొక్కసారి చేస్తే చాలు.

అయినా రిఫ్రెష్ మాత్రం తప్పదు. పివట్ తన దగ్గరున్న నకలు చూసే లెక్క చెబుతుంది మరి. ఆల్ట్, ఎఫ్5 నొక్కండి. మరిచిపోతాననుకుంటే పివట్‌టేబుల్ ఆప్షన్స్‌లోని డేటా ట్యాబ్‌లో, ఫైలు తెరవగానే రిఫ్రెష్ అయ్యే ఏర్పాటుంది.

అన్నట్టు, అమ్మకాల అడుగున చేత్తో 'మొత్తం' వరుస వేసి ఉంటే ముందది తీసేయండి. పివట్ దాన్నీ ఒక అమ్మకంగానే కలిపేస్తుంది.